నోరు విప్పొద్దని చెప్పింది నేనే

“నువ్వే అన్నవంట గద అమ్మమ్మా, జనం చూడరని?”

“ఎవరు చెప్పారే నీకు?”

“ఎవలు చెప్తే ఏంది? అన్నవా, లేదా?”

“అన్నాను. అడిగారు, అన్నాను. అబద్ధం చెప్పమంటావా?”

“నా కోసం ఒక్క అబద్ధం చెప్తే నీదేం పోతుండే? నాతోని మూడేండ్లు ఆడిపిచ్చినవ్ గద. నోరు తెర్వకు, తెలుగొస్తదని తెలిస్తే పని పోతదని.”

“ఆ అబద్ధమే నీకు నీడపట్టున కుర్చీ వేయించింది. మర్చిపోయావా?”

“కుర్చీ యాదికుంది. ఇప్పుడేమో కత్తెర వట్టుకొని కూసున్నవ్. సినిమోల్లకు నా జుట్టు కావాలె, నా మాట కావాలె. నేనొక్కదాన్నే వద్దు.”

“జుట్టు మళ్ళీ మొలుస్తుందే. ఊరికే ఇమ్మని అడగలేదుగా వాళ్ళు.”

“జుట్టు మొలుస్తది. ఏషం మొలుస్తదా?”

“వేషం, వేషం! ఎప్పుడన్నా అద్దంలో చూసుకున్నావా? ఆ మొహానికి హీరోయిన్ వేషం ఎవడిస్తాడే?”

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. స్టవ్ మీద పప్పు పొంగుతోంది. అంత గొడవలోనూ గ్యాసు దండగవుతుందని లేచి వెళ్ళి మంట తగ్గించాను. వెనక్కి తిరిగేసరికి మల్లిక గడప దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

“మూడేండ్లు నా తల దువ్వినవ్. గన్ని దినాలు నువ్వు సూసింది గదేనా?” అంది.

ఫిల్మ్‌నగర్ బస్తీ మెట్ల మీద ఆ పిల్ల దిగి వెళ్తుంటే చెప్పుల చప్పుడు చివరి మెట్టు దాకా వినపడింది. కత్తెర నా ఒళ్ళోనే ఉంది.

ఎందుకు రాస్తున్నాను

నా పేరు రత్నమ్మ. సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌గా పనిచేశాను. ఇప్పుడు మానేశాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలకి నాలుగు మాటలు చెప్పమని మా యూనియన్ వాళ్ళు అడిగారు. మైకు ముందు నిలబడడం నా వల్ల కాదు, రాసిస్తానన్నాను. చదివింది అయిదో తరగతి. దీర్ఘాలూ ఒత్తులూ మా మనవరాలు దిద్దింది. మాటలు మాత్రం మార్చనివ్వలేదు. ఎవరు ఎన్నింటికి రావాలో రాసిచ్చే పాత కాల్‌షీట్ల వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా, పారెయ్యకుండా దాచినవి బోలెడున్నాయి, వాటి మీదే రాశాను.

ఏ సినిమాకి చేశాను, ఎవరితో ఫోటో దిగాను అన్నవి ఇందులో ఉండవు. అవి చెప్పుకోవడం మొదలుపెడితే అందరం గొప్పవాళ్ళమే. ఈ పని మీ చేత ఏం చేయిస్తుందో అది రాస్తాను. నా చేత చేయించింది కాబట్టి.

అద్దంలో పడకూడదు

నాకు పని నేర్పింది మీనాక్షమ్మ. మద్రాసులో పనిచేసి వచ్చిన మనిషి. నోరు తెరిస్తే తిట్టు, మూస్తే అలక. కానీ చెయ్యి మాత్రం పువ్వు. ఎంత చిక్కుపడ్డ జడనైనా తలకి నొప్పి తెలియకుండా విప్పేది.

మొదటి రోజు కుర్చీ వెనకాల నిలబడి అద్దంలోకి చూశాను. నా పిర్ర మీద ఒక్కటేసింది.

“అద్దంలో నీ మొహం ఎందుకే? పక్కకి జరుగు. వాళ్ళు తలెత్తి చూసుకుంటే వాళ్ళే కనపడాలి. వెనకాల నల్లటి మొహం ఒకటి కనపడితే వాళ్ళకి తిక్క లేస్తుంది.”

నేను నలుపే. ఆమె కూడా నలుపే. ఆ మాటలో ఏదో తప్పుందని మా ఇద్దరికీ అప్పుడు తోచలేదు. అప్పటినించి పని మానేసేదాకా కుర్చీకి కాస్త కుడివైపుగా, అద్దం అంచు దాటి నిలబడి చేశాను. ఇప్పటికీ మనవరాలికి జడ వేస్తే అటే జరుగుతాను. “నువ్వెక్కడికి పోతున్నావ్ అమ్మమ్మా?” అని నవ్వుతుంది.

ఆ రోజుల్లో మొహం మగవాళ్ళ పని, జుట్టు ఆడవాళ్ళ పని. మేకప్ మనిషి మొహం చేస్తుంటే నేను వెనకాల జుట్టు చూసేదాన్ని. అందుకని నేను చూసింది మీకు చెప్పగలను. ఒక రోజు ఒకే గదిలో రెండు కుర్చీలు. ఒక కుర్చీలో మన గుంటూరు వైపు పిల్ల, చామనఛాయ కంటే ఇంకాస్త తక్కువ. ఆమెకి రంగు పూసి తెల్లగా చేస్తున్నారు, చెల్లెలి వేషానికి. రెండో కుర్చీలో ఉత్తరాది నించి వచ్చిన తెల్లటి అమ్మాయి. ఆమెకి కాఫీ రంగు పూసి నల్లగా చేస్తున్నారు, పొలంలో పనిచేసే పిల్ల వేషానికి. హీరోయిన్ ఆవిడే. నేను ఇద్దరికీ జడలు వేశాను. గుంటూరు పిల్ల ఆ నల్లరంగు పూత వైపు చూస్తూ, “అత్తయ్యా, అది నా దగ్గర ఊరికే ఉందిగా,” అంది. మేకప్ ఆయన, నేను, అందరం నవ్వాం. ఆ పిల్ల కూడా నవ్వింది. తర్వాత రెండు సినిమాలు చేసి వెళ్ళిపోయింది.

నవ్వి ఊరుకున్నాను చూడండి, నేను నేర్చుకున్నది అదే. పెద్దవాళ్ళు ఏది బాగుందంటే అది బాగున్నట్టు. జనం ఏది చూస్తారంటే అది చూస్తున్నట్టు. విని విని, అవి నా అభిప్రాయాలే అనుకున్నాను.

టోలిచౌకి పిల్ల

మల్లిక నా దగ్గరికి వచ్చింది పబ్బు సీను కోసం. టోలిచౌకిలో ఆఫ్రికా దేశాల నించి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది కిరాయి ఇళ్ళలో ఉంటారు. అలాంటి సీన్లకి మనుషులు కావాలంటే ఏజెంటు వాళ్ళని వ్యాన్లో ఎక్కించుకుని తెచ్చేవాడు. ఆ రోజు పది మంది వచ్చారు. మల్లికని చివర కూర్చోబెట్టారు. బొగ్గులాంటి నలుపు, పెద్ద కళ్ళు, తల నిండా ఒత్తుగా చుట్టలు చుట్టుకున్న జుట్టు. అలాంటి జుట్టు మీద అంతకుముందు నేను చెయ్యి వేసి ఎరగను. మామూలు దువ్వెన తీసుకుని పైనించి కిందకి ఒక్క లాగు లాగాను.

“జర మెల్లగ అమ్మమ్మా! తల ఊడొస్తది!”

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. “తెలుగు ఎక్కడ నేర్చుకున్నావే?” అన్నాను.

“నేర్సుకునుడేంది? మా అమ్మది పాలమూరు. నేను పుట్టింది గీడనే.”

వాళ్ళ నాన్న టాంజానియా నించి చదువుకి వచ్చి, ఆసుపత్రిలో నర్సుగా చేసే పాలమూరు పిల్లని పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. టోలిచౌకిలో జిరాక్స్ షాపు. ఈ పిల్లకి వాళ్ళ అమ్మమ్మ మల్లమ్మ పేరు పెట్టారు. డిగ్రీ దాకా చదివింది. వాళ్ళ నాన్న దేశం ఒక్కసారి కూడా చూడలేదు.

నాకు వెంటనే తోచింది చెప్పాను. అది మంచికే అనుకుని చెప్పాను.

“ఇక్కడ నోరు విప్పకు. నీకు తెలుగు వచ్చని తెలిస్తే ఆ వ్యాన్లోంచి దించేసి జూనియర్ ఆర్టిస్టుల్లో కలుపుతారు. వాళ్ళు ఎండలో నిలబడాలి. ఫారిన్ వాళ్ళకయితే కుర్చీ ఉంటుంది, నీళ్ళ సీసా ఉంటుంది, భోజనం వేరే ఉంటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే నవ్వి ఊరుకో.”

“అట్ల నడుస్తదా?”

“నడుస్తుంది. నిన్ను చూసి ఎవరూ తెలుగులో అడగరు.”

నిజంగానే ఎవరూ అడగలేదు. మూడేళ్ళు నడిచింది. పబ్బు సీన్లు, విమానాశ్రయం సీన్లు, మత్తుమందు అమ్మే గ్యాంగు సీన్లు. సెట్టు మీద లైటు కుర్రాళ్ళు ఆ పిల్ల ఎదురుగానే, అర్థం కాదనుకుని, ఏవేవో అనేవాళ్ళు. నేను విన్నాను. ఆమె కూడా విన్నది. నవ్వి ఊరుకునేది, నేను చెప్పినట్టే. రాత్రి చీకట్లో పళ్ళు తప్ప ఏమీ కనపడవని ఒకడంటే ఇంకొకడు దానికి ఇంకోటి కలిపాడు. ఆ రోజు నా ముందు కూర్చున్నప్పుడు ఆ పిల్ల మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. తల దువ్వే వాళ్ళకి అవి తెలుస్తాయి. నేను ఆముదం చేతిలో వేసుకుని మెల్లగా రాశాను.

వ్యాన్లో వచ్చిన వాళ్ళతోనైనా కలిసిందా అంటే అదీ లేదు. వాళ్ళ ఆడపిల్లలు ఒకరికొకరు సన్నటి పాయలుగా జడలు అల్లుకుంటారు, గంటలు గంటలు కూర్చుని. మల్లికకి అది రాదు. వాళ్ళమ్మకి ఆ జుట్టు ఏం చెయ్యాలో తెలియక చిన్నప్పుడంతా పొట్టిగా కత్తిరించేసేది. “ఇండియన్, ఇండియన్” అని ఆ పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళు పాయలు అల్లుతుంటే నేనూ మల్లికా పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాం. తడిపి దువ్వాలి, కొసల నించి పైకి రావాలి, వెడల్పు పళ్ళ దువ్వెన కావాలి. ఈ ఒక్క ముక్క రాసి పెట్టుకోండి, మీకు పనికొస్తుంది.

నాలుగు మాటలు

ఒక సినిమాలో హీరో గ్యాంగుని కొడుతుంటే ఒక ఆడది అడ్డం వచ్చి అరవాలి. మల్లికని నిలబెట్టారు. అసిస్టెంటు వచ్చి చేతులు తిప్పుతూ ఇంగ్లీషులో, “మీ భాషలో తిట్టు, కోపంగా, గట్టిగా” అన్నాడు.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది. “నా భాషల అంటే? తెలుగుల తిట్టనా?”

“తెలుగులో తిడితే ఇవాళ్టితో సరి. మీ నాన్న భాషలో అను.”

“నాకు నాలుగే వస్తయి.”

“ఆ నాలుగే అను.”

అన్నది. కళ్ళెర్రజేసి, చెయ్యెత్తి, గొంతు పగిలేలా నాలుగు మాటలు మళ్ళీ మళ్ళీ అన్నది. డైరెక్టరు సంబరపడిపోయాడు. ఒకే టేకు. తర్వాత నాకు చెప్పింది, ఆ నాలుగు మాటలూ చిన్నప్పుడు వాళ్ళ నాన్న అన్నం పెట్టేటప్పుడు అనేవట. రా. కూర్చో. తిను. చాలు.

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. సినిమా విడుదలయ్యాక వాళ్ళ ఇంటిల్లిపాదీ చూడ్డానికి వెళ్ళారు. ఆ సీనుకి హాల్లో ఈలలు. తర్వాత చాలా రోజులకి అడిగాను, మీ నాన్న ఏమన్నాడే అని.

“ఏమన్లేదు. ఆ దినంకెల్లి బువ్వ కాడ తెలుగులనే పిలుస్తుండు.”

ఆ మాట చెప్పి తల వంచింది, నేను పాయ తీసుకోవడానికి వీలుగా.

ఆ గదిలో నన్ను అడిగిన మాట

జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఇంట్లో షూటింగు. మధ్యాహ్నం భోజనాల తర్వాత అందరూ కునుకు తీస్తున్నారు. మెట్ల కింద మల్లిక నాతో వాళ్ళ కిరాయి ఇంటి ఓనరు ఎలా మాట్లాడతాడో చేసి చూపిస్తోంది. నీళ్ళ మోటారు దగ్గర ఆయన దబాయింపు, వాళ్ళమ్మ పాలమూరు తిట్లు, మధ్యలో ఎవరికి సర్దిచెప్పాలో తెలియక వాళ్ళ నాన్న రెండు వైపులా దండాలు పెట్టడం. నాకు నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి చూస్తే కొత్త దర్శకుడు నిలబడి ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయి. గోదావరి వైపు కుర్రాడు, మర్యాదస్తుడు.

“ఏమ్మా, నువ్వు తెలుగమ్మాయివా?” అన్నాడు.

మల్లిక నా వైపు చూసింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. ఆ పిల్ల మొదటిసారి నా మాట వినలేదు.

“తెలుగే సార్. పాలమూరు తెలుగు.”

పని పోలేదు. ఆయన నెల రోజులు ఆ పిల్లని ఆఫీసుకి పిలిపించుకుని, ఎదురుగా కూర్చోబెట్టుకుని కథ రాసుకున్నాడు. వాళ్ళింటి సంగతులు, బస్సులో జనం అడిగే మాటలు, ‘మీ దేశం ఎప్పుడు పోతవ్’ అని ఇరుగుపొరుగు అనడం, అన్నీ. ఆ కథలో పిల్ల పేరు కూడా మల్లికే. హీరోయిన్ వేషం. “నువ్వే చేస్తావు” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రోజుకి ఆయన అనుకున్నది అదే.

కెమెరా ముందు టెస్టు తీసే రోజున తల నేనే దువ్వాను. “ఏమెయ్యమంటావ్?” అంటే, “ఒంటి జడ ఎయ్యి. మల్లెపూలు వెట్టు. సినిమాలల్ల పిల్లలకు వెట్టినట్టు,” అంది. ఆ జుట్టుకి ఒంటి జడ వెయ్యడం అంటే మాటలు కాదు. గంటన్నర పట్టింది. ఆఖరి పూలచెండు గుచ్చాక మల్లిక అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బాగుంది. నేను బాగుందని పైకి అనలేదు. మీనాక్షమ్మ కూడా నన్ను ఎప్పుడూ అనలేదు. మాకు అది అలవాటు లేదు.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసులో టెస్టు వేసి చూశారు. దర్శకుడు, నిర్మాత, మేనేజరు. జుట్టు సంగతి మాట్లాడాలని నన్నూ పిలిచారు. తెర మీద ఆ పిల్ల మాట్లాడుతుంటే నిర్మాత రెండుసార్లు నవ్వాడు, ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పిల్ల బానే చేసిందయ్యా. కానీ హీరోయిన్ అంటే మనవాళ్ళు ఒప్పుకోవాలి కదా,” అన్నాడు నిర్మాత.

“కథే అది కదండీ సార్. మనవాళ్ళు ఒప్పుకోకపోవడమే కదా కథ,” అన్నాడు దర్శకుడు.

“కథలో సరే. టికెట్టు కొనేవాడి సంగతి చెప్పు.”

దర్శకుడు గదంతా చూసి చివరికి నా వైపు తిరిగాడు. “రత్నమ్మగారూ, ఇంతకాలం నించి చూస్తున్నారు మీరు. ఎంతమంది వచ్చారో, ఎవరు నిలబడ్డారో మీకు తెలిసినట్టు మాకు తెలీదు. మీరు చెప్పండి. జనం చూస్తారా, చూడరా?”

ఆయన మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది. చూస్తారండీ అన్న ఒక్క మాట కోసం అడిగాడు. ముసలిదాన్ని, పనిలో పాతదాన్ని, ఆ మాట నేనంటే నిర్మాత ఇంకో నాలుగు రోజులు ఆలోచించేవాడేమో. నన్ను ఆ పనిలో ఎవరైనా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. తెలిసిన మనిషిలా, అనుభవం ఉన్న మనిషిలా చెప్పాలనిపించింది.

“చూడరండీ,” అన్నాను.

అంతే. నిర్మాత చెయ్యి టేబుల్ మీద వేసి, “విన్నావా?” అన్నాడు. ఆ తర్వాత పై ఊరి నించి ఒక తెల్లటి అమ్మాయిని తెచ్చి, రంగు పూసి, విగ్గు పెట్టి చేయిద్దామని తేల్చారు. మాట నేర్పడానికి మల్లికని పెట్టుకుందామన్నారు. వారం తర్వాత విగ్గు చేసేవాడు మామూలు జుట్టుని రింగులు తిప్పి తెచ్చాడు. కొబ్బరి పీచులా ఉంది. అప్పుడు మేనేజరు నన్ను పక్కకి పిలిచి, “ఆ పిల్ల జుట్టే అడుగు రత్నమ్మా, నీ మాట వింటుంది” అన్నాడు. సరే అన్నాను.

నేను మొదట రాసిన గొడవ ఆ సాయంత్రానిది. ఆఫీసులో టీ ఇచ్చే ఆమె నా మాట మల్లికకి చెప్పేసింది. నేను జుట్టు సంగతి ఎత్తేసరికే ఆ పిల్లకి అంతా తెలుసు.

మీకు చెప్పేది

నేను అన్నది అబద్ధం కాదు కదా అని చాలా రోజులు నన్ను నేను సమర్థించుకున్నాను. కానీ జనం ఏం చూస్తారో నాకు ఏం తెలుసు? నేను హాలుకి వెళ్ళి సినిమా చూసి ఎన్నేళ్ళయిందో. నాకు తెలిసిన జనం ఆ గదిలో కూర్చునే నలుగురే. ఆ నలుగురూ ఏమనుకుంటారో ఊహించి, దానికి జనం అని పేరు పెట్టి, వాళ్ళకే తిరిగి చెప్పాను. ఆ టెస్టు చూస్తూ నేను ఏడ్చాను. అది వాళ్ళకి చెప్పలేదు. వాళ్ళు అడిగింది జనం గురించి కానీ నీ గురించి కాదు కదా అనుకున్నాను.

అదొక్కటే తప్పు కాదు. అంతకంటే ముందుది నోరు విప్పొద్దనడం. ఒక కుర్చీ కోసం, ఒక నీళ్ళ సీసా కోసం పుట్టిన ఊళ్ళోనే ఆ పిల్లని పరాయిదాన్ని చేసి కూర్చోబెట్టాను. అందరూ ఆ పిల్లని చూసి ఏమనుకుంటారో అదే నిజం చేసేస్తే బతుకు తేలికవుతుందని చెప్పాను. నా మట్టుకు నేను అద్దం పక్కకి జరిగి బతికాను కాబట్టి అందరూ జరగాలనుకున్నాను.

మీ చేతిలో తల పెట్టిన మనిషి గురించి ఎవరైనా మిమ్మల్ని ఏమైనా అడిగితే, లోకం ఏమంటుందో చెప్పకండి. మీరు చూసింది చెప్పండి. చెప్పే ధైర్యం లేకపోతే తెలీదనండి. నాకు ఆ రోజు తెలీదు అనడం కూడా చేతకాలేదు.

మర్నాడు పొద్దున

ఆరింటికే జూబ్లీహిల్స్ ఆఫీసుకి నడుచుకుంటూ వెళ్ళాను. దర్శకుడు ఏడింటికి వచ్చాడు. మెట్ల దగ్గరే ఆపి చెప్పాను.

“బాబూ, ఆ రోజు నేనన్నది తప్పు. జనం సంగతి నాకు తెలీదు. నాకు మాత్రం ఆ పిల్లనే చూడాలనిపించింది.”

“ఆ రోజు చెప్పాల్సిందమ్మా,” అన్నాడు. “హీరోయిన్ అమ్మాయి రాత్రే దిగింది. పైన కూర్చుంది. విగ్గు పెట్టి చూద్దాం, రండి.”

పైన కొత్త అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. మంచి పిల్లే, లేచి దణ్ణం పెట్టింది. మేకప్ ఆయన మెడ దాకా నల్లరంగు పూసేశాడు. చేతులింకా పుయ్యలేదు, తెల్లగా ఒళ్ళో ఉన్నాయి. నేను ఆ కొబ్బరి పీచు విగ్గు తీసి దులిపి, నెట్టు సర్ది తలకి తొడిగాను.

ఎనిమిదింటికి మల్లిక వచ్చింది. రాదనుకున్నాను. మాట నేర్పే పని ఒప్పుకుంది కదా, వచ్చింది. తల నున్నగా గీయించేసుకుని ఉంది.

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. “అయ్యో, జుట్టేదమ్మా? తిరుపతి పోయొచ్చినవా, యాదగిరిగుట్టనా?”

మల్లిక డైలాగు కాగితాలు తీసుకుని కొత్త అమ్మాయి పక్కన స్టూలు మీద కూర్చుంది. దర్శకుడు విగ్గుని అటూ ఇటూ తిరిగి చూసి, “పర్లేదు, అచ్చం ఆ జుట్టులాగే ఉంది” అన్నాడు. అందరూ అవునన్నారు.

కొత్త అమ్మాయి మల్లికని ఇంగ్లీషులో అడిగింది, మీది ఏ దేశమని. ఆ ప్రశ్నకి మల్లిక చెప్పే జవాబు నాకు తెలుసు. పాలమూరు అంటుంది, అవతలి వాళ్ళు తెల్లబోతే ఆ పిల్లకి సరదా.

“టాంజానియా,” అంది మల్లిక.

తర్వాత కాగితం చూసి మొదటి డైలాగు చదివి వినిపించింది. “గిట్ల అంటావేంది? నేను గీడ పుట్టిన పిల్లనే.” ఆ అమ్మాయి రెండుసార్లు తప్పు పలికింది. మల్లిక ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. మూడోసారి సరిగా వచ్చింది.

“మీ తెలుగు చాలా బాగుంది,” అంది ఆ అమ్మాయి, వచ్చీరాని తెలుగులో.

“థాంక్స్ మేడమ్,” అంది మల్లిక. అని తలెత్తి, అద్దంలో నా కోసం చూసింది.

నేను పక్కకి జరిగి, విగ్గుకి పిన్నులు పెట్టడం మొదలుపెట్టాను.